మేడ గదిలో పరీక్ష బల్ల: ఆన్‌లైన్ ప్రొక్టర్డ్ పరీక్షకు వెబ్‌క్యామ్, వెలుతురు, నెట్, కరెంటు (ప్రాజెక్టు డైరీ)

మా చెల్లి ఆన్‌లైన్‌లో ఎం.సి.ఏ. చదువుతోంది. సెమిస్టర్ పరీక్షలు ఇంట్లోంచే, అవతల ప్రొక్టర్ (పరీక్షను దూరం నుంచి కనిపెట్టే పర్యవేక్షకుడు) కెమెరాలో చూస్తుండగా రాయాలి. తెనాలిలో మా ఇంటి మేడ మీద గదిని అందుకు ఎలా సిద్ధం చేశామో రాస్తున్నాను. యూనివర్సిటీ ఇచ్చే సూచనల కాగితంలో "మంచి వెలుతురు, నిశ్శబ్దమైన గది, స్థిరమైన నెట్" అని ఒక్క లైనులో ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం, పైన ఫ్యాను, కింద కుక్కరు, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు ఉన్న ఇంట్లో ఆ ఒక్క లైను వెనక చాలా పని ఉంది. ఎక్కడ ఏం పాడైందో, ఏ కొలత దగ్గర సరిపోయిందో చెప్తే ఇంకొకరికి సమయం, డబ్బు మిగులుతాయి.

దశ 1: నిబంధనలను కొలతల్లోకి మార్చడం

ముందు నిబంధనలు ప్రింటు తీసి, కెమెరాకు సంబంధించినవన్నీ గీత గీశాం. మా యూనివర్సిటీ వాళ్ళు అడిగినవి ఇవి:

1. ముఖం, భుజాలు, రెండు చేతులు, బల్ల పైభాగం పరీక్ష అయ్యేవరకు ఫ్రేములో ఉండాలి.
2. మొదట్లో గది నాలుగు వైపులా, బల్ల కింద కూడా కెమెరాతో చూపించాలి.
3. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు కెమెరాకు చూపాలి, పేరు చదవగలిగేలా ఉండాలి.
4. ఫోను, హెడ్‌ఫోను, రెండో మానిటరు గదిలో ఉండకూడదు. రఫ్ పేపర్లు రెండు ఉండొచ్చు.

మీ యూనివర్సిటీ నిబంధనలు వేరుగా ఉండొచ్చు. కొన్నిచోట్ల ఫోన్నే పక్క కెమెరాగా పెట్టమంటారు. మీరు కొలవాల్సిన దూరాలన్నీ దీన్నిబట్టే మారతాయి కాబట్టి ముందు ఇది తేల్చుకోండి.

చెల్లి కుర్చీలో కూర్చుంటే తల నేల నుంచి 125 సెం.మీ. ఎత్తులో ఉంది. బల్ల ఎత్తు 75. తల పైన కొంచెం ఖాళీ, బల్ల మీద చేతులు కనపడే చోటు కలిపితే ఫ్రేము నిలువు కనీసం 75 సెం.మీ. రావాలి.

ఇంట్లో ఉన్న కెమెరా లాజిటెక్ సీ270. పెట్టె మీద 55 డిగ్రీలు అని ఉంటుంది. అది మూల నుంచి మూలకు కొలిచే కోణం, అడ్డంగా చూసేది అంతకంటే తక్కువ. లెక్క వేస్తే తేలింది ఇదీ: సీ270 నిలువు చూపు దూరంలో సగం, అడ్డం చూపు దూరంలో పదింట తొమ్మిది వంతులు. అంటే 75 సెం.మీ. నిలువు రావాలంటే కెమెరా దాదాపు 147 సెం.మీ. దూరంలో ఉండాలి. అదే కంపెనీ 78 డిగ్రీల సీ920 కెమెరా అయితే నిలువు చూపు దూరంలో పదింట ఎనిమిది వంతులు. 94 సెం.మీ. చాలు. గది పది అడుగులకు తొమ్మిది. ఈ 53 సెం.మీ. తేడా తర్వాత చాలా పని పెట్టింది.

ఇప్పటివరకు ఖర్చు: 0

దశ 2: బల్ల ఎటు తిరగాలి

మొదట బల్లను గాలి తగిలేలా కిటికీకి ఎదురుగా వేశాం. చెల్లి ముఖం కిటికీవైపు. ఉదయం బాగుంది. పరీక్ష వేళ మధ్యాహ్నం రెండు గంటలు. ఆ వేళకు కిటికీ నుంచి వచ్చే ఎండకు ఆమె కళ్ళు చికిలించాల్సి వచ్చింది, ముఖం తెల్లగా వెలిసిపోయి కనిపించింది. బల్లను వెనక్కి తిప్పితే వీపు వెనక కిటికీ వచ్చి ముఖం నల్లటి నీడైపోయింది.

మూడోసారి బల్లను కిటికీకి కొంచెం ఏటవాలుగా తిప్పి, తూర్పు గోడ వీపు వెనక వచ్చేలా కూర్చోబెట్టాం. వెలుతురు సరిపోయింది. ప్రాక్టీసు పరీక్షలో సాఫ్ట్‌వేరు మాత్రం ఒకటికంటే ఎక్కువ ముఖాలు కనిపిస్తున్నాయని ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక ఇచ్చింది. గదిలో చెల్లి ఒక్కతే ఉంది. వెనక గోడకు దండ వేసిన తాతయ్య ఫోటో, దాని పక్కన వేంకటేశ్వరస్వామి క్యాలెండరు ఉన్నాయి. ముఖాన్ని గుర్తించే ప్రోగ్రాముకు కళ్ళు, ముక్కు, నోరు ఉన్న ఆకారం దొరికితే చాలు, బతికున్న మనిషా, ఫోటోనా అన్నది చాలావాటికి తెలియదు. క్యాలెండరు తీసేశాం. ఫోటో జోలికి వెళ్ళబోతే నాయనమ్మ, "ఆయన్ని అక్కణ్ణుంచి కదపొద్దురా. ఆయన చూస్తుండగానే రాస్తుంది లే" అంది. ఆ మాట నాకూ సబబుగానే తోచింది. బల్లనే తిప్పాం.

చివరికి నిలిచింది ఇది: బల్ల ఉత్తరపు గోడకు ఆనించి, కిటికీ ఎడమ పక్క, తాతయ్య ఫోటో కుడి పక్క ఫ్రేము బయట, వీపు వెనక ఖాళీ గోడ, తలుపు. తలుపు ఫ్రేములో ఉండడం మంచిదని నా అభిప్రాయం. అది మూసి ఉందని ప్రొక్టర్‌కు కనిపిస్తూనే ఉంటుంది, అనుమానంతో మళ్ళీ గది చూపించమనే అవసరం తగ్గుతుంది. మొదట్లో గది చూపించేటప్పుడు తాతయ్య ఫోటో కనిపిస్తుంది కానీ అది మనిషి చూసే వీడియో కాబట్టి ఇబ్బంది రాలేదు.

గది చూపించడం గురించి ఒక మాట. అమెరికాలో క్లీవ్‌ల్యాండ్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి ఒకరు పరీక్షకు ముందు తన పడకగదిని కెమెరాలో చూపించమనడం మీద కోర్టుకు వెళ్ళారు. అది అకారణ సోదాలను నిషేధించే, అక్కడి రాజ్యాంగంలోని నాలుగో సవరణకు విరుద్ధమైన సోదా అని 2022 ఆగస్టులో అక్కడి ఫెడరల్ జడ్జి తీర్పు ఇచ్చారు. ఆ తీర్పు మనకు వర్తించదు. కానీ అవతల రికార్డవుతున్నది ఒక ఆడపిల్ల గది అన్న సంగతి ఇంట్లోవాళ్ళు పట్టించుకోవాలి. బట్టల దండెం, మందులు, బ్యాంకు కాగితాలు, ఇంటి తాళాలు అన్నీ ముందే గది దాటించాం.

దశ 3: కెమెరాను నిలబెట్టడం

ల్యాప్‌టాప్‌ను స్టాండు మీద 12 సెం.మీ. ఎత్తాం. కిందికి వంగి చూస్తే కళ్ళు మూసినట్టు, ఒళ్ళో ఏదో చదువుతున్నట్టు కనిపిస్తుంది. ఎత్తితే టైపింగు కుదరదు కాబట్టి విడి కీబోర్డు, మౌసు తెచ్చాం. ఎండకు ల్యాప్‌టాప్ వేడెక్కడం కూడా దీంతో కొంత తగ్గింది.

కెమెరాకు మొదట బల్ల అంచుకు బిగించే వంపు స్టాండు కొన్నాం, మొబైల్ వాళ్ళు వాడేది. రెండు కారణాలతో పనికిరాలేదు. మెడ ఎంత సాగదీసినా దూరం 90 సెం.మీ. దాటలేదు, సీ270లో తల పైభాగం తెగిపోయింది. పైగా అదే బల్ల మీద టైపు చేస్తుంటే ప్రతి అక్షరానికీ బొమ్మ వణికింది. కెమెరా ఆధారం, రాసే బల్ల వేర్వేరుగా ఉండాలి.

తర్వాత కుడి పక్క ఉన్న బీరువా మీద పెట్టాం. దూరం 150 సెం.మీ. ఫ్రేము సరిగ్గా వచ్చింది. కెమెరా తీగ ఒకటిన్నర మీటరే కాబట్టి ఐదు మీటర్ల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తగిలించాం. కాసేపు నడవడం, ల్యాప్‌టాప్ టింగ్‌మనడం, బొమ్మ ఆగిపోవడం, మళ్ళీ రావడం. యూఎస్‌బీ 2.0 తీగ మొత్తం ఐదు మీటర్లు దాటకూడదు. మాది ఆరున్నర అయింది. ఒకటిన్నర మీటర్ల ఎక్స్‌టెన్షన్‌తో మొత్తం మూడుకు తగ్గించగానే ఆ టింగులు ఆగిపోయాయి.

హబ్బు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కెమెరా, నెట్ తీగ అడాప్టరు రెండూ ఒకే చవక హబ్బుకు (ఒక యూఎస్‌బీ పోర్టును నాలుగైదు చేసే పెట్టె) తగిలిస్తే బొమ్మ ఆగి ఆగి వచ్చింది. కెమెరాను నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకే పెట్టండి.

ఖర్చు: స్టాండు 480, కీబోర్డు, మౌసు 750, వంపు స్టాండు 380, ఎక్స్‌టెన్షన్లు 320, 150
ఇప్పటివరకు: 2,080

దశ 4: వెలుతురు

నేను ఎక్కువసేపు గడిపింది ఇక్కడే. ఒక్కటే దశ మీద శ్రద్ధ పెట్టే తీరిక ఉన్నవాళ్ళు దీని మీదే పెట్టండి.

మేడ గదిలో దీపం సీలింగుకు ఉంది, దాని కింద ఫ్యాను. రికార్డు చేసి చూస్తే చెల్లి ఎడమ చెంప మీద ఒక సన్నని నీడ చప్పున వచ్చిపోతోంది. ఫ్యాను రెక్కలు దీపాన్ని కోస్తున్నాయి. ఫ్యాను ఐదులో ఉంటే ఆ నీడ మసకగా కలిసిపోయి ముఖమంతా అదురుతున్నట్టు ఉంది, మూడులో ఉంటే రెక్కా రెక్కా విడిగా కనిపించింది. ఫ్యాను ఆపి మే నెలలో మేడ మీద రెండు గంటలు కూర్చోవడం కుదరదు. దీపమే కిందికి రావాలి.

రెండో సమస్య, వెనక గోడ మీద నల్లటి అడ్డ చారలు మెల్లగా పైకి పాకడం. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కెమెరా 60 హెర్ట్జ్ దేశాలకు తగ్గట్టు ఉంటే ఆ చారలు వస్తాయి. విండోస్ కెమెరా యాప్ సెట్టింగుల్లో ఫ్లికర్ రిడక్షన్ దగ్గర 50 పెట్టగానే పోయాయి. లైనక్స్ వాళ్ళు వీ4ఎల్2 (అందులో కెమెరాను నడిపే భాగం) సెట్టింగుల్లో పవర్ లైన్ ఫ్రీక్వెన్సీ 1గా పెట్టుకోవాలి. కెమెరాను వేరే పోర్టుకు మార్చినప్పుడు మా దాంట్లో ఇది మళ్ళీ 60కి వెళ్ళిపోయింది. పోర్టుకు రంగు స్టిక్కరు అంటించి, అందులోనే పెట్టాలని ఖాయం చేసుకున్నాం.

మూడోది చీకటి. ఫోనులో లక్స్ (వెలుతురు కొలత) చూపే యాప్‌తో ముఖం దగ్గర 60 వచ్చింది. ఈ యాప్‌ల అంకె అంత కచ్చితం కాదు, కానీ ముందూ తర్వాతా పోల్చడానికి చాలు. వెలుతురు తక్కువైతే కెమెరా ఒక్కో ఫ్రేముకు ఎక్కువసేపు కాంతి తీసుకుంటుంది, దాంతో సెకనుకు వచ్చే ఫ్రేములు తగ్గిపోతాయి. చెల్లి చెయ్యి కదిపితే పొగలా కనిపించడానికి కారణం అదే. చాలామంది కెమెరా బాగాలేదని కొత్తది కొనేది ఇది చూసే. దీపం మారిస్తే అదే సీ270లో చెయ్యి తేటగా కనిపించింది.

చేసింది ఇదీ:

1. 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబు ఎదుటి గోడకు, నేల నుంచి 165 సెం.మీ. ఎత్తులో, ఫ్యాను రెక్కల కంటే బాగా కిందికి బిగించాం. లక్స్ 280. నీడ పోయింది. కానీ ఆమె కళ్ళద్దాల్లో రెండు తెల్లటి గీతలు పడి కళ్ళు కనిపించలేదు.
2. ఎత్తు 190కి పెంచాం. గీతలు పైకి జరిగాయి కానీ తల వంచితే మళ్ళీ వచ్చాయి.
3. రెండు చెక్క ముక్కలు పెట్టి ట్యూబును గోడకు 12 సెం.మీ. ఎడంగా, వెలుగు గోడవైపు పడేలా తిప్పేశాం. తెల్ల సున్నం గోడంతా దీపంలా వెలిగింది. లక్స్ 190కి తగ్గింది. కళ్ళద్దాల్లో గీతలు లేవు, ముఖం మీద నీడ లేదు. ఇదే ఉంచాం.
4. కిటికీకి ముదురు రంగు మందపాటి కర్టెను.

ఖర్చు: ట్యూబు 280, తీగ, స్విచ్చి, ప్లగ్గు 140, కర్టెను 620
ఇప్పటివరకు: 3,120

దశ 5: గుర్తింపు కార్డు, కెమెరా మార్పు

బీరువా మీది సీ270తో రెండు చోట్ల ఆగిపోయాం.

ఒకటి, కోణం. పక్క నుంచి చూస్తోంది కాబట్టి చెల్లి రఫ్ పేపరు మీద లెక్క చేయడానికి వంగినప్పుడల్లా ముఖం కనిపించడం లేదని హెచ్చరిక వచ్చింది.

రెండోది, ఆధార్ కార్డు. సీ270 ఫోకస్ మారదు, దగ్గరికి తెస్తే మసకబారుతుంది. తేటగా ఉండాలంటే 40 సెం.మీ. దూరంలో పట్టుకోవాలి. అక్కడ ఫ్రేము వెడల్పు 36 సెం.మీ. కార్డు వెడల్పు 8.56 సెం.మీ. 1280 పిక్సెళ్ళలో కార్డుకు దక్కేవి దాదాపు 300. పేరు అస్పష్టంగా వచ్చింది, అంకెలు అసలు తెలియలేదు. 1920 పిక్సెళ్ళ సీ920 ఫోకస్ తనే సరిచేసుకుంటుంది. 15 సెం.మీ. దగ్గర పట్టుకుంటే కార్డుకు 770 పైన దక్కుతాయి. ఈ లెక్క చూశాకే కెమెరా మార్చాలని నిర్ణయించాం. సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. మీ నిబంధనల్లో చేతులు చూపించాలని లేకపోతే, కార్డును ముందే అప్‌లోడ్ చేయనిస్తే సీ270 చాలు, మూడు వేలు మిగుల్చుకోండి.

సీ920 అడుగున ట్రైపాడ్ మర ఉంది, సీ270కి లేదు. ఆ మరకు పావు అంగుళం మామూలు బోల్టు సరిపోతుంది. ఎదుటి గోడకు డ్రిల్ చేసి ఒక ఎల్ ఆకారపు ఇనప పట్టీ బిగించి, దానికి కెమెరాను బోల్టుతో పెట్టాం. లోపలి మర లోతు తక్కువ, బోల్టు పొడుగైతే కెమెరా పగులుతుంది, వాషర్లు వేసి పొడవు తగ్గించుకోవాలి. ల్యాప్‌టాప్‌కు కుడివైపు 50 సెం.మీ. జరిపాం. ముఖానికి దూరం టేపుతో 94 వచ్చింది. తల, చేతులు, బల్ల, తలుపు అన్నీ ఫ్రేములో. గది చూపించడానికి వీలుగా కెమెరాను చేత్తో విప్పగలిగేలా చెవుల నట్టు వాడాం.

పేరు సంగతి కెమెరాకు సంబంధించినది కాదు కానీ మన వాళ్ళకు తప్పకుండా ఎదురయ్యేది. చెల్లి డిగ్రీ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు. యూనివర్సిటీ ప్రొఫైల్ మెమోను బట్టి ఉంది. కార్డులో, స్క్రీను మీద పేరు ఒక్కలా లేకపోతే ప్రొక్టర్ ఆపొచ్చు. దిద్దించడానికి వారాలు పట్టింది. ఈ పని అన్నిటికంటే ముందు మొదలుపెట్టండి.

ఖర్చు: కెమెరా 3,000, పట్టీ, బోల్టులు 80
ఇప్పటివరకు: 6,200

దశ 6: నెట్

మా ప్లాను 50 ఎంబీపీఎస్ ఫైబరు. రూటరు కింద హాల్లో. మేడ మీద, అదే మధ్యాహ్నం వేళలో కొలతలు:

వైఫై 5 గిగాహెర్ట్జ్: డౌన్‌లోడ్ 22, అప్‌లోడ్ 6, పింగ్ (అవతలి నుంచి జవాబు తిరిగి రావడానికి పట్టే సమయం) ఉన్నట్టుండి 400 మిల్లీసెకన్లకు.
వైఫై 2.4: డౌన్‌లోడ్ 14, అప్‌లోడ్ 5, పింగ్ 30 నుంచి 120 మధ్య ఊగిసలాట.
లాన్ తీగ (రూటరు నుంచి నేరుగా ల్యాప్‌టాప్‌కు): డౌన్‌లోడ్ 48, అప్‌లోడ్ 47, పింగ్ 6 నుంచి 8.

వీడియో పంపడానికి అప్‌లోడ్ 6 అంకె చూస్తే చాలనిపిస్తుంది. స్పీడ్ టెస్టు అరనిమిషం మాత్రమే చూస్తుంది. కమాండ్ విండోలో పింగ్ ఆపకుండా గంటసేపు నడిపితే వైఫైలో మధ్యమధ్య "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" వరసగా కనిపించింది. స్లాబు, ఇనప ఊచలు దాటి వచ్చే సిగ్నలు మీద డిగ్రీని పెట్టలేం. 20 మీటర్ల క్యాట్6 రకం లాన్ తీగ మెట్ల పక్కగా పైకి లాగాం. చెల్లి ల్యాప్‌టాప్‌కు లాన్ పోర్టు లేదు, యూఎస్‌బీ అడాప్టరు కొన్నాం.

రెండో దారిగా అమ్మ ఫోను హాట్‌స్పాట్. ఫోను గదిలో ఉండకూడదు కాబట్టి పక్క గది కిటికీ గట్టు మీద, ఛార్జింగులో పెట్టాం. గది మూలన అప్‌లోడ్ 0.8 వచ్చిన చోట, కిటికీ గట్టు మీద 4 వచ్చింది. ఎవరూ కనెక్ట్ కాకపోతే హాట్‌స్పాట్ తనే ఆగిపోయే సెట్టింగు తీసేయాలి, గోడ దాటడానికి 2.4 గిగాహెర్ట్జ్ ఎంచుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కేబుల్ ఆపరేటరు దగ్గర నెట్ పోయినా మన రూటరు వెలుగుతూనే ఉంటుంది, లాన్ తీగలో లింకు అలాగే ఉంటుంది. విండోస్ ఆ తీగనే పట్టుకుని కూర్చుంటుంది, హాట్‌స్పాట్‌కు తనంతట తను మారదు. తీగను చేత్తో పీకాలి. పరీక్ష మధ్యలో బల్ల కిందికి చెయ్యి పెడితే ప్రొక్టర్‌కు అనుమానం వస్తుంది. అందుకే లాన్ అడాప్టరును బల్ల పైన, కెమెరాకు కనిపించే చోట అంటించాం.

ఖర్చు: తీగ 560, అడాప్టరు 690
ఇప్పటివరకు: 7,450

దశ 7: కరెంటు

ఇంటికి ఇన్వర్టరు ఉంది. అయినా మెయిన్ స్విచ్చి ఆపి చూస్తే రూటరు ఆరి మళ్ళీ వెలిగింది, నెట్ తిరిగి రావడానికి రెండు నిమిషాల పైన పట్టింది. కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ క్షణం ఖాళీ రూటరుకు సరిపోలేదు. ఇన్వర్టరు వెనక ఎకో, యూపీఎస్ అని చిన్న స్విచ్చి ఉంటుంది. యూపీఎస్ వైపు పెడితే మార్పు త్వరగా జరుగుతుంది. అలా పెట్టాక ఒకసారి నిలబడింది, ఒకసారి ఆరింది.

రూటరుకు మాత్రమే పనిచేసే చిన్న యూపీఎస్ తెచ్చాం. కొనేముందు రూటరు అడాప్టరు మీద వోల్టు, ఆంపియరు చదవండి. మాది 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు. ఫైబరు పెట్టె, వైఫై రూటరు వేర్వేరుగా ఉన్న ఇళ్ళలో రెండింటికీ కావాలి. ఒక్కదానికే పెడితే లాభం లేదు. మెయిన్ ఆపి, మళ్ళీ వేసి, పింగ్ చూస్తే ఒక్కటి కూడా తప్పలేదు.

గోడ ట్యూబును ఇన్వర్టరు లైనులోకి మార్చాం. కరెంటు పోగానే ముఖం చీకటైతే నెట్ ఉండీ ప్రయోజనం లేదు.

ఖర్చు: 1,450
ఇప్పటివరకు: 8,900

దశ 8: చప్పుడు

సాఫ్ట్‌వేరు మైకును కూడా వింటుంది. ఫోను యాప్‌లో ఫ్యాను ఐదులో 58 డెసిబెల్స్, మూడులో 47. మూడు ఖాయం. కింద కుక్కరు కూత తలుపు తీసి ఉంటే గదిలో 66, మూసి, కింది సందుకు ఫోమ్ పట్టీ అంటించాక 51. వంట పన్నెండులోపు ముగిస్తానని అమ్మ మాటిచ్చింది. ఆటోలో మైకు పెట్టి ఉల్లిపాయలు అమ్మేవాళ్ళను ఆపలేం. అలాంటి చప్పుడు వస్తే కంగారు పడకుండా ప్రొక్టర్‌కు చాట్‌లో "వీధిలో మైకు" అని రెండు మాటలు రాయాలని చెల్లి పెట్టుకుంది.

ఖర్చు: 160
ఇప్పటివరకు: 9,060

దశ 9: ల్యాప్‌టాప్ లోపల

1. విండోస్ అప్‌డేట్లు పరీక్షలు అయ్యేవరకు పాజ్.
2. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ (దూరం నుంచి కంప్యూటరును నడిపించేవి), ఫోన్ లింక్, వాట్సాప్ డెస్క్‌టాప్ తీసేయడం. మూసేస్తే చాలదు, కొన్ని వెనక నడుస్తూనే ఉంటాయి.
3. ఓబీఎస్ (స్క్రీను రికార్డు చేసే ప్రోగ్రాము) ఉంటే దాని వర్చువల్ కెమెరాతో సహా అన్‌ఇన్‌స్టాల్. కెమెరాల జాబితాలో నకిలీ కెమెరా కనిపిస్తే చాలా సాఫ్ట్‌వేర్లు ఒప్పుకోవు.
4. యాంటీవైరస్‌లో వెబ్‌క్యామ్ రక్షణ ఉంటే పరీక్ష సాఫ్ట్‌వేరుకు అనుమతి.
5. విండోస్ ప్రైవసీ సెట్టింగుల్లో డెస్క్‌టాప్ యాప్‌లకు కెమెరా, మైకు ఆన్.

కొన్ని యూనివర్సిటీలు పరీక్ష తప్ప మరేదీ తెరవనివ్వని సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ వాడతాయి. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీ తయారుచేసింది, ఉచితం. పరీక్ష పెట్టేవాళ్ళు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అది వర్చువల్ మెషీన్‌లో నడవదు, కాబట్టి విండోస్‌ను మరో సిస్టమ్ లోపల పెట్టి నెట్టుకొద్దామనుకునేవాళ్ళు ముందే వేరే ల్యాప్‌టాప్ చూసుకోవాలి.

దశ 10: పూర్తి రిహార్సల్

పరీక్ష వేళకే, అదే బట్టల్లో, అవే రఫ్ పేపర్లతో రెండు గంటలు పాత ప్రశ్నపత్రం రాయించాం. కెమెరా యాప్‌లో రికార్డు చేశాం. మధ్యలో చెప్పకుండా నేను మెయిన్ ఆపాను. తర్వాత ఇద్దరం కూర్చుని ప్రొక్టర్ చూసినట్టు చూశాం. విడివిడి పరీక్షల్లో దొరకనివి ఇందులో దొరికాయి.

మూడుంబావు దాటాక కర్టెను సందులోంచి ఒక ఎండ చార బల్ల మీద పడి, మెల్లగా ఆమె భుజం ఎక్కి చెంప మీదికి వచ్చింది. ఆ చారకు తగ్గట్టు కెమెరా బొమ్మ మొత్తాన్ని చీకటి చేసింది. కర్టెను అంచులకు బట్టల క్లిప్పులు పెట్టాం.

పెద్ద ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆమె ముందుకు వంగింది, నుదురు ఫ్రేము దాటింది. అక్షరాలు చిన్నవి. స్క్రీను జూమ్ 125కి పెంచితే కుర్చీకి ఆనుకునే చదివింది.

ఇంకొకటి చెల్లే పట్టుకుంది. "లెక్క చేసేటప్పుడు పెదాలు కదుపుతానని నాకే తెలీదు అన్నయ్యా" అంది. ఎవరితోనో మాట్లాడుతున్నట్టే ఉంది. మళ్ళీ రాసినప్పుడు చాలావరకు తగ్గింది.

జుట్టు చెవుల మీద పడకుండా వెనక్కి కట్టుకోవాలి. ఇయర్‌ఫోను లేదని చూపించమంటారు.

పరీక్షలు

మొదటి పేపరు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. రెండో పేపరులో కరెంటు పోయింది. ఫ్యాను ఒక్క క్షణం తగ్గి మళ్ళీ అందుకోవడంతో తనకు తెలిసిందట, ప్రొక్టర్ నుంచి మాట రాలేదు. గోడ దీపం, నెట్ రెండూ నిలబడ్డాయి.

మూడో పేపరులో ఆపరేటరు వైపు నెట్ పోయింది. ముందుగా అనుకున్నట్టే రెండు చేతులూ కెమెరాకు కనిపించేలా ఎత్తి, బల్ల మీది లాన్ తీగ పీకింది. హాట్‌స్పాట్ అందుకుంది. సాఫ్ట్‌వేరు మళ్ళీ ముఖం, కార్డు అడిగింది. రాసిన జవాబులు పోలేదు, నాలుగు నిమిషాలు పోయాయి. చాట్‌లో కారణం రాసింది. ఆ కార్డు చెయ్యి చాచితే అందే చోట, కీబోర్డు పక్కనే ఉండడం వల్ల లేవాల్సిన పని పడలేదు. రిహార్సల్‌లో మేము చూసుకోనిది ఇదొక్కటే: నెట్ మారితే మళ్ళీ మొదటి నుంచి గుర్తింపు అడుగుతుంది. మీరు రిహార్సల్‌లో తీగ పీకి చూసుకోండి.

మొత్తం 9,060. పక్కన పడేసిన వంపు స్టాండు, ఐదు మీటర్ల ఎక్స్‌టెన్షన్ తీసేస్తే 8,360. కెమెరా, కీబోర్డు ఇప్పటికే ఉన్న ఇంట్లో ఐదు వేలలోపే అవుతుంది.

వచ్చే సెమిస్టర్‌కు ముందు మిగిలిన పనులు: హాట్‌స్పాట్‌కు వేరే కంపెనీ సిమ్ తీసుకుని ఇదే కిటికీ గట్టు మీద అప్‌లోడ్ కొలవడం, మెట్ల పక్క లాన్ తీగకు పైపు వేయించడం, చిన్న యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో పూర్తిగా అయిపోయేవరకు నడిపి చూడడం. ఈసారి పరీక్షలు చలికాలంలో, సాయంత్రం వేళ. వెలుతురు కొలతలన్నీ ఆ వేళకు మళ్ళీ తీసుకోవాలి.